దడొచ్చినా కదలని గోల్‌కీపరు

షాలిమార్ గూడ్స్ యార్డులో బస్తాలు మోసే మల్లేశు, బెంగాలీల నడుమ గంగ ఒడ్డున ఉన్న మా తెలుగు బస్తీ ఫుట్‌బాల్ జట్టుకు గోల్‌కీపరు. ఎనభై ఆరులో, వరల్డ్ కప్పు పిచ్చి వీధివీధికీ పాకిన ఆ వానాకాలంలో, ఆట మధ్యలో అతని గుండె ఉన్నట్టుండి దడదడా కొట్టుకుంది. చేతులు చల్లబడ్డాయి. ఊపిరందలేదు. చచ్చిపోతున్నాననుకుని గోలు వదిలేసి పరుగెత్తాడు. తర్వాత యార్డులోనూ, గంగ దాటే ఫెర్రీలోనూ అదే దడ.

భార్య సన్యాసమ్మ అతన్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. పరీక్షలన్నీ చేసిన డాక్టరు, గుండె దిట్టంగా ఉందనీ, ఇది భయంతో వచ్చే దడనీ, కాసేపటికి దానంతటదే దిగుతుందనీ చెప్పాడు. పరగడుపున టీలు తగ్గించి, బీడీ మాని, వేళకు పడుకుని, రోజూ నడవమన్నాడు. దడ వస్తే పారిపోవద్దు, ఊపిరి నెమ్మదిగా వదలమన్నాడు.

మందు రాయని డాక్టరు మీద మల్లేశుకు గురి కుదరలేదు. సన్యాసమ్మ మాత్రం పట్టు విడవలేదు. పొద్దున్నే టీకి బదులు చద్దన్నం పెట్టేది. గంగ ఒడ్డున తనూ వెంట నడిచేది. బీడీ మానడమే గగనమైంది. దొంగచాటుగా కాల్చి దొరికిపోయి తిట్లు తిన్నాడు. అయినా దుర్గాపూజల నాటికి ఫెర్రీ ఎక్కగలిగాడు. దడ వచ్చేది, కాసేపుండి పోయేది.

చలికాలంలో బస్తీల పోటీల ఫైనలు. గోల్లో మళ్లీ మల్లేశే. మైదానం చుట్టూ ఇళ్ల కప్పుల మీద కూడా జనమే. ఆట సమమై పెనాల్టీలకు దిగింది. ఎదుటి జట్టు ఆఖరి కిక్కు ఆపితే కప్పు మాదే. అప్పుడే మల్లేశు ముఖం పాలిపోవడం చూసి కెప్టెన్ బైరాగి దగ్గరికొచ్చాడు.

"వొచ్చీసిందేటి?"

"వొచ్చింది. రానీ. నానిక్కడే ఉంతాను."

మల్లేశు ఊపిరి మెల్లగా, చాలా మెల్లగా వదిలాడు. మళ్లీ వదిలాడు. ఈల మోగింది. బంతి ఎడమ మూలకు దూసుకొచ్చింది. మనిషి మొత్తం గాల్లోకి లేచాడు. బంతి వేళ్లకు తగిలి, స్తంభానికి కొట్టుకుని, బయటికి పోయింది!

ఆ తర్వాత ఏం జరిగిందో ఎవరికీ సరిగ్గా తెలీదు. బస్తీకి బస్తీ మైదానంలోకి ఉరికింది. ఢోళ్లు మోగాయి. ఓడిన జట్టువాళ్లు కూడా వచ్చి "దారుణ్, దాదా" అని, అద్భుతంగా ఆపావన్నా అని వాళ్ల భాషలో మెచ్చుకుంటూ వాటేసుకున్నారు. జనాన్ని తోసుకుంటూ వచ్చిన సన్యాసమ్మ, దుమ్ములో కూర్చుని పగలబడి నవ్వుతున్న మొగుణ్ణి చూసి, తనూ ఆ దుమ్ములోనే చతికిలబడి నవ్వింది.