కొక్కెం దగ్గర మాట్లాడకూడదు

ఇంటిబండి వెనక కారు తగిలించుకుంటున్న మనిషిని పలకరించకూడదు. ఆరిజోనా ఎడారిలో చలికాలం గడపడానికి, ఇల్లులాంటి ఆ పెద్ద మోటారు బండ్లలో, ఊళ్లో తిరగడానికి వెనక ఒక కారు లాక్కుంటూ వచ్చే ముసలివాళ్లకు ఈ నియమం నేర్పింది ఆర్విల్ స్టెంగెల్. కడ్డీ బిగిసిందా, పిన్నులు పడ్డాయా, గొలుసులు వేశామా, గేరు న్యూట్రల్‌లో పెట్టామా అని వరసగా చూసుకునేవాణ్ణి మధ్యలో కదిలిస్తే ఏదో ఒకటి మరిచిపోతాడు. వెనక కారు నాలుగు చక్రాల మీద దొర్లుతూ వస్తూనే ఉంటుంది. దానికేమైనా అయితే ముందు కూర్చున్నవాడికి తెలియదు.

"ఏనుగు మీద కూర్చున్నవాడికి తోక మీద ఈగ వాలిందో నిప్పు పడిందో ఏం తెలుస్తుంది?" అనేవాడు ఆర్విల్.

అతని విషయంలో ఈ నియమం పాటించడం ఎవరికీ కష్టం కాలేదు. మామూలప్పుడు కూడా పలకరించాలనిపించే మొహం కాదతనిది. నార్త్ డకోటాలో రోడ్ల మీద మంచు తోసే బండి నడిపి రిటైరయ్యాడు. అతను తోసిన దారినే ఊరంతా పనుల్లోకి పోయేది, ఒక్కడూ చెయ్యి ఊపిన పాపాన పోలేదు. ఎడారికి వచ్చాకే జనం అతని గుమ్మం తొక్కడం మొదలుపెట్టారు. "ఆర్విల్, మా కొక్కెం ఒకసారి చూసిపెట్టవూ" అని అడిగేవాళ్లు. అతను మోకాళ్లు పట్టుకుని, మూలుగుతూ వంగేవాడు. ఆ మూలుగులో ఎంత సుఖముందో భార్య లవోన్‌కు ఒక్కదానికే తెలుసు.

ఈ చలికాలం మెర్ల్ హాల్వర్సన్ దిగబడ్డాడు. భార్య పోయిన మనిషి, నవ్వు మొహం. అతని ఇంటిబండి పాతదే, డొక్కుదే. కానీ దాని వెనక వచ్చింది 1955 నాటి షెవర్లే. సముద్రపు రంగు, తెల్లటి పైకప్పు, అద్దంలా మెరిసే బంపరు. ఆ సాయంత్రమే ఆర్విల్ పందిరి కింది కుర్చీలు ఒక్కొక్కటే లేచి మెర్ల్ వైపు నడిచిపోయాయి. చూసినవాళ్లందరికీ తమ తండ్రి కారో, మొదటి ముద్దు పెట్టుకున్న కారో గుర్తొచ్చింది. ఆర్విల్ వెనక ఉండేది బూడిద రంగు చిన్న కారు. దాన్ని చూస్తే ఎవరికీ ఏదీ గుర్తు రాదు.

అంతవరకూ ఓర్చుకున్నాడు. ఒకరోజు లవోన్ తలకు ఎర్ర స్కార్ఫ్ కట్టుకుని మెర్ల్ కారులో కాఫీ కొట్టు దాకా షికారు పోయొచ్చింది. వస్తూనే, కిటికీ తీస్తే గాలి ఎంత బాగా కొట్టిందో చెప్పింది. మన కారుకూ కిటికీలున్నాయన్నాడు ఆర్విల్. ఆవిడ నవ్వింది. ఆ నవ్వు అతని కడుపులో మార్చి దాకా మండుతూనే ఉంది. మెర్ల్ ఒక్కసారైనా కొక్కెం చూసిపెట్టమని అడిగి ఉంటే ఆ మంట కొంత చల్లారేదేమో. మెర్ల్ అడగలేదు. అన్నీ తనే, ఈల వేసుకుంటూ చూసుకునేవాడు.

ఎండలు ముదిరాక మెర్ల్ బయల్దేరే ఉదయం వచ్చింది. అతను షెవర్లేను ఇంటిబండి వెనక్కి తెచ్చి ఆపాడు. దాని చేతిబ్రేకు అంత గట్టిది కాదు. దొర్లకుండా ఫస్ట్ గేరులో వదిలి, దిగి కడ్డీ తగిలించాడు. పిన్నులు వేస్తుండగా పక్కబండి డార్లీన్ వేడి ఆపిల్ కేకు పట్టుకొచ్చింది. వెనకే ఇంకో నలుగురు. ఒకరు ఫొటో తీశారు, ఒకరు కౌగిలించుకున్నారు. నియమం ఎవరికీ గుర్తు లేదు. మెర్ల్ చేతులు తుడుచుకుని, అందరికీ నవ్వులు పంచి, ఇంటిబండి ఎక్కాడు. లవోన్ వెనక నిలబడి, లైట్లన్నీ వెలుగుతున్నాయని స్కార్ఫ్ ఊపింది.

ఆర్విల్ షెవర్లే కిటికీ పక్కనే ఉన్నాడు. స్టీరింగ్ పక్క గేరు కర్ర కిందికి వాలి ఉంది. ఫస్ట్ గేరు.

అలాగే రోడ్డెక్కితే హైవే మీద చక్రాలు తిప్పే వేగానికి ఆ ఇంజను గిలగిల్లాడి ముక్కలవుతుంది. ఏనుగు మీదివాడికి తెలియదు. వచ్చే చలికాలం మెర్ల్ వెనక ఏ కారూ ఉండదు. ఆ బొమ్మను ఆర్విల్ కళ్ల ముందు పెట్టుకుని తీరిగ్గా చూశాడు. పైగా, కారు తగిలించుకునేవాడితో మాట్లాడకూడదు కదా, నియమం నియమమే అనుకున్నాడు. అంతలో అతనికి మరో బొమ్మ కనపడింది: ఇంతమంది ముందు మెర్ల్ తెల్లమొహం వేసుకుని నిలబడటం. ఇది మొదటిదాని కంటే తియ్యగా ఉంది.

వెళ్లి బండికి అడ్డంగా నిలబడి అరచెయ్యి ఎత్తాడు.

"నీ కారు ఫస్ట్ గేరులో ఉంది" అన్నాడు, అందరికీ వినపడేలా.

మెర్ల్ దిగి వచ్చి చూశాడు. మొహం పాలిపోయింది, కాదనలేం. కానీ రెండు క్షణాలే. టోపీ తీసి నెత్తి గోక్కుని పగలబడి నవ్వాడు.

"గురూ, నాకంటే వెధవ ఈ ఎడారిలో ఇంకొకడున్నాడంటావా? నువ్వు లేకపోతే నా షెవర్లే ఈ పూట పొగై పోయేది. ఇకనుంచి ఏ మకాంలో దిగినా ఈ కథే చెప్తా."

ఆర్విల్‌ను వాటేసుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తప్పు ఇంత హాయిగా ఒప్పుకోవడం అందరికీ చేతకాదని డార్లీన్ కళ్లొత్తుకుంది. చివరికి ఆ కథ కూడా మెర్ల్‌దే అయింది.

మర్నాడు ఆర్విల్ తన బూడిద కారు తగిలించాడు. కడ్డీ, పిన్నులు, గొలుసులు. కేకు తెచ్చినవాళ్లు లేరు, ఫొటో తీసినవాళ్లు లేరు. లవోన్ నియమం ప్రకారం దూరంగా, పెదవి విప్పకుండా నిలబడింది.

"ఏదైనా మాట్లాడు" అన్నాడు అతను, తల ఎత్తకుండా.

"కొక్కెం దగ్గరా?"

"పర్లేదు."

ఆవిడ రోడ్డు వైపు చూసింది.

"మెర్ల్ ఈపాటికి కొండలు దాటి ఉంటాడు కదూ?"

ఆర్విల్ వేసిన పిన్నులన్నీ పీకి, మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టాడు.