బాలమణి వద్దంది

ఇరవై ఏళ్లకు పైగా ఒక అబద్ధాన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. చవకబారు పని. అందుకే మరీ అసహ్యం.

తొంభైల చివర్లో హైదరాబాదులో టూరిజం మేనేజ్‌మెంట్‌లో పీజీ చదివేవాణ్ణి. మా ఊరు ఇస్నాపూర్ నుంచి రోజూ బస్సు. క్లాసులో విహారం, వినోదం, అతిథుల సంతృప్తి అంటూ గంటలు గంటలు మాట్లాడేవాళ్లం. మాలో ఒక్కడు కూడా ఎక్కడా అతిథిగా దిగినవాడు కాదు. మా ప్రొఫెసర్‌కు తెలిసిన ఒక రిసార్టు కంపెనీ మా ఊరి పక్క చెరువులో పడవలు తిప్పాలనుకుంది. ఊళ్లోవాళ్లు ఏమంటారో నలభై ఇళ్లు తిరిగి రాసుకురమ్మని నన్ను పంపారు. దానికే మార్కులు.

నేను తిరిగింది ఒక్క ఇల్లు. బాలమణిది. భర్త పోయాక ఆ చెరువులో తానే వల వేసి, పటాన్‌చెరులో చేపలు అమ్ముకునేది. చేతులు కడుక్కొని వచ్చి ఎదురుగా కూర్చుంది. ప్రశ్నలు చదివి వినిపించాను.

“చెరువు సుట్టూ కంచె ఏస్తరా?” అంది.

“ఏస్తరేమో, అక్కా.”

“గట్లయితే నాకొద్దు. వద్దన్నదని రాయి.”

“రాస్త. ఈడ వేలిముద్ర ఎయ్యి.”

“ఏం రాసినవో జెర సదువు, బిడ్డా.”

“నువ్వు చెప్పిందే రాసిన.”

“మనూరోనివి, తప్పెందుకు రాస్తవ్ తియ్యి,” అంటూ బొటనవేలు అద్దింది.

కాగితం మీద ‘సమ్మతమే’, ‘సమ్మతం కాదు’ అన్న గడులు అప్పటికి ఖాళీగానే ఉన్నాయి. ఇంటికొచ్చి ‘సమ్మతమే’ పక్కన టిక్కు పెట్టాను. మిగతా ముప్పై తొమ్మిది కాగితాలూ పెన్నులు మార్చి, నా వేళ్లే మార్చి మార్చి అద్ది నింపేశాను. ఎవరైనా బెదిరించారా? లేదు. ‘అనుకూలంగా వస్తే బాగుంటుంది’ అని ప్రొఫెసర్ ఒక్క మాట అన్నాడు, అంతే, ఆ మాటకే తోక ఊపుకుంటూ పరిగెత్తిన కుక్కను నేను. కుక్కకైనా ఆకలి ఉంటుంది. నాకేముంది? ఎండ ఎక్కువగా ఉందన్న బద్ధకం.

పంచాయతీ ఆఫీసులో సభ పెట్టారు. కంపెనీ మనిషి పేర్లు చదవకుండా నా రిపోర్టులో లెక్క మాత్రం చదివి, ఊరంతా ఒప్పుకుందన్నాడు. బాలమణి లేచి, “నేను వద్దన్న,” అంది. అతను ఆమె కాగితం తీసి చూపించాడు.

“ఈ వేలు నీదే కదమ్మా?”

ఆమె కాగితాన్ని చూసింది. తర్వాత నన్ను చూసింది.

“ఏలు నాదే. మాట నాది కాదు.”

ముందు వరసలో కొందరు నవ్వారు. నేనూ నవ్వాను. టిక్కు పెట్టడానికి బద్ధకమో మార్కులో అని ఏదో ఒకటి చెప్పుకోగలను. ఆ నవ్వుకు ఏం చెప్పుకోను?

కంచె పడింది. బాలమణి ముత్తంగి గోదాముల్లో ఊడ్చే పనికి కుదిరింది. నాకు ఫస్టు క్లాసు వచ్చింది. ఇప్పుడు ఒక కాలేజీలో అదే సబ్జెక్టు చెబుతున్నాను. ‘స్థానికుల సమ్మతి’ అని ఒక పాఠం ఉంది. గొంతు ఏమాత్రం వణక్కుండా చెబుతాను. పిల్లలు శ్రద్ధగా రాసుకుంటారు.

ఆమె పోయిందని మొన్న తెలిసింది. బతికున్నన్నాళ్లూ మా ఇంటికి రెండు సందుల అవతలే ఉంది. నేను ఒక్కసారి కూడా ఆమె గడప తొక్కలేదు. అడిగేవాళ్లు లేరని తేలాకే ఇది రాస్తున్నాను. ఇదీ పిరికితనమే, తెలుసు. క్షమాపణ అడగను, ఇచ్చే మనిషి లేదు. బాలమణి వద్దంది. ఒప్పుకుందని రాసింది నేను. ఇంత చిన్న మాట రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. రాశాక, కాస్త ఊపిరాడుతోంది.