నాన్న సీటు ఎంత వెనక్కి ఉండేది

నాన్న పోయి మూడు నెలలైంది. రేపటి నుంచి ఆయన టాక్సీ కారు మా బాబాయి తిప్పుతాడు. అందుకని చిరిగిపోయిన డ్రైవర్ సీటు కవర్ మార్చమంది అమ్మ. సాయంత్రం ఇంటి ముందే మొదలుపెట్టాను.

పాతది కుడి పక్కనే చిరిగింది. నాన్న ఎప్పుడూ అటు జారి దిగేవాడు. అది తేలిగ్గానే ఊడింది. కొత్తదాని కొక్కేలు సీటు కింద తగిలించాలి. చెయ్యి దూరలేదు. లివర్ ఎత్తి సీటు ముందుకు లాగేశాను.

టీ తెస్తున్న అమ్మ గుమ్మంలో ఆగిపోయింది.

“సీటు జరిపావేంట్రా?”

“చెయ్యి పట్టట్లేదమ్మా.”

“మీ నాన్న దిగినకాడి నుంచి దాన్ని ఎవరమూ కదపలేదురా.”

నాకు ఆ సంగతే తట్టలేదు. కవర్ వేసేసి సీటు వెనక్కి నెట్టాను. “ఇంకొంచెం” అంది అమ్మ. నెట్టాను. “కాదు, ఎక్కువైంది” అంది. ఐదారుసార్లు అలాగే అయింది. టీ చల్లారిపోయింది.

“పోన్లే. మీ బాబాయి పొట్టోడు, రేపెలాగూ జరుపుకుంటాడు” అని లోపలికి వెళ్ళిపోయింది.

నాకేమీ అనిపించలేదు. కవర్ మాత్రం ఒక్క ముడత లేకుండా వచ్చింది.

ఉయ్యూరు నుంచి బెజవాడకి మా నాన్న కారులో వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. ఆయన వెనక కూర్చుంటే మీ మోకాళ్ళు సీటుకి తగిలేవా? బాబాయి పొద్దున ఏడింటికి వస్తాడు.