గోంగూర పెట్టిన డబ్బా

నిన్న షూటింగ్ రేంజ్‌లో పక్క బెంచీ ఆయన, కాల్చిన గొట్టాన్ని బయటికి లాగే రైఫిల్ బోల్ట్ తెరుచుకోక, దాని పిడిని అరచేత్తో టప్ టప్‌మని కొడుతున్నాడు. ఆ చప్పుడు నాకు తెలుసు. లేచి వెళ్ళి, "ఆపండి, ఇంకొకటి కాల్చకండి" అని ఇంగ్లీషులో గట్టిగానే చెప్పాను. ఎగాదిగా చూశాడు. చూస్తే చూడనీ. ఆ మాట నాది కాదు, సుభద్ర ఆంటీది.

ఇక్కడ అమెరికాలో, మోరిస్‌విల్‌లో మా వీధి చివరి ఇల్లు ఆవిడది. కెమిస్ట్రీ చదివి, ఏదో ల్యాబ్‌లో పనిచేసి రిటైరైంది. భర్త డాక్టరు, జింకల వేటంటే సరదా. కాల్చేసిన ఇత్తడి గొట్టాల్లో మళ్ళీ మందు నింపి తన తూటాలు తానే తయారుచేసుకునేవాడట, ఈవిడ పక్కన కూర్చుని తుపాకి మందు తూచి ఇచ్చేదట. ఆయన పోయాక కూడా గరాజ్‌లో ఆ తూటాల బల్లను వదల్లేదు. "ఇక్కడ కూర్చుంటే ఆయన పక్కనున్నట్టే ఉంటుందే" అనేది. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేదాన్ని. 2010 ప్రాంతంలో ఒక శనివారం ఏమీ తోచక ఆవిడ వెంట రేంజ్‌కి వెళ్ళాను, ఇక వదల్లేదు.

కాల్చాక మిగిలిన ప్రతి ఖాళీ ఇత్తడి గొట్టాన్నీ నా చేత పరీక్ష చేయించేది. "అడుగున ఈ చిన్న బిళ్ళ చూడు, ప్రైమర్, మందు అంటించేది ఇదే. అంచు గుండ్రంగా ఉంటే ఓకే. అప్పడంలా అణిగిపోతే లోపల ప్రెషర్ ఎక్కువైందేమో అనుకోవాలి." నేను వెంటనే తీర్పు చెప్పబోతే కసిరేది. "అదొక్కటే చూసి డిసైడ్ చేస్తావా? బోల్ట్ ఎలా తెరుచుకుందో చెప్పు ముందు!"

ఆవిడింట్లో ఐస్‌క్రీమ్ డబ్బా తెరిస్తే ఐస్‌క్రీమ్ తప్ప అన్నీ ఉండేవి. ఫ్రిజ్‌లో దోసెల పిండి, గరాజ్‌లో ఇత్తడి గొట్టాలు. "ఏదో రోజు వీటికి పోపు పెట్టేస్తారు ఆంటీ" అని ఏడిపించేదాన్ని. పకపకా నవ్వేది.

ఒక జూలైలో ఆవిడ చేసిన తూటా కాల్చాక నా రైఫిల్ బోల్ట్ బిగుసుకుపోయింది. కొట్టడానికి చెయ్యెత్తాను. "ఆపు! ఇంకొకటి కాల్చకు!" అని అరిచింది ఆంటీ. ఎలాగో తెరిచి చూస్తే ప్రైమర్ పూర్తిగా చదునైపోయింది, ఇత్తడి అడుగున మెరిసే గీత పడింది. "ఎండకి మందు వేడెక్కిందేమో ఆంటీ" అన్నాను. "తూటాలు నీడలోనే ఉన్నాయి కదే" అంది, మొహం మాడ్చుకుని.

ఇంటికొచ్చి వెతికాం. తక్కెడ సరిగానే తూస్తోంది. గొట్టాల పొడవు సరిపోయింది. బల్ల మీద మందు డబ్బా ఒక్కటే, అదీ సరైనదే. చివరికి నేను భూతద్దం పెట్టి గొట్టాల అడుగున ముద్రలు చూశాను. రెండు కంపెనీలవి కలిసిపోయి ఉన్నాయి. రెండో రకం ఇత్తడి మందం. లోపల చోటు తక్కువ, మందు మాత్రం అంతే పోసింది, దాంతో ప్రెషర్ పెరిగింది. రేంజ్‌లో ఎవరో ఇచ్చిన గొట్టాలవి, పారేయడానికి మనసొప్పక ఆవిడ వేరే డబ్బాలో దాచింది. షెల్ఫ్ వైపు చూసింది. ఒక డబ్బా లేదు.

"గోంగూర పెట్టివ్వడానికి డబ్బా లేక, ఒకదాంట్లోవి ఇంకోదాంట్లో పోశానే తల్లీ. తర్వాత ఏరుదామనుకుని మర్చిపోయాను."

ఆ గోంగూర పచ్చడి అడిగింది నేనే. వారం రోజులు వేళ్ళు నాక్కుంటూ తిన్నాను.

"ఏమీ కాలేదుగా ఆంటీ, ఏరేసుకుందాం."

"అయ్యుంటే? నీ మొహం ముందే కదే పేలేది!"

ఆ సాయంత్రమే ఉన్న తూటాలన్నీ విప్పేసింది. మర్నాడు బల్ల మీది సామాను ఎవరికో ఇచ్చేసింది. బతిమాలాను, పోట్లాడాను, అలిగాను. ఊహూఁ. తర్వాత ఎప్పుడు వెళ్ళినా టీవీ ముందు కూర్చుని ఉండేది, చూసేది కాదు. గరాజ్ తలుపు మూసే ఉండేది. నా నాలుక చాపల్యం వల్ల ఆవిడకి ఆయన రెండోసారి దూరమయ్యాడని ఎంత ఏడ్చానో నాకే తెలుసు.

డబ్బా కడిగి పెట్టుకున్నాను. ఎవరి గిన్నెనీ ఖాళీగా తిరిగివ్వకూడదు కదా. అరిసెలు పెట్టిద్దామా, లడ్డూలా? ఏది అనుకున్నా చేతులు రాలేదు. ఆవిడకి తిరిగి రావలసింది తినేది కాదు మరి. ఇలా ఆలోచిస్తుండగానే రెండు శీతాకాలాలు గడిచాయి, ఆవిడా పోయింది.

నిన్న రేంజ్ నుంచి వచ్చి మూత తీశాను. ఎన్నిసార్లు తోమినా గోంగూర వాసన పోలేదు. డబ్బా ఖాళీగానే ఉంది, నా దగ్గరే ఉంది.