తిన్నది, మేసింది

వెటర్నరీ కాలేజీలో మొదట్లో నా పల్లె యాస విని నవ్వినవాళ్లే, నాలుగో ఏడాదికల్లా నా వెంట తిరగడం మొదలుపెట్టారు. చదువులో నేనేం వాళ్లకంటే గొప్పదాన్ని కాదు. క్లినిక్‌కు పశువును తోలుకొచ్చిన రైతు చెప్పేది వాళ్లకు సగమే అర్థమయ్యేది. కల్హేర్ దగ్గరి పల్లెలో పుట్టిన నాకు పూర్తిగా అర్థమయ్యేది. "ఏందన్నా, ఎప్పటిసంది గిట్లున్నది?" అని నేనడిగితే చాలు, చుట్టాలకు చెప్పుకున్నట్టు అన్నీ చెప్పేసేవాడు. పశువు నోరు విప్పదు కాబట్టి ఆసామి మాటల్లోంచే జబ్బును రాబట్టాలని మా ప్రొఫెసరు అంటుండేవారు. ఆ పని పడినప్పుడల్లా నన్నే ముందుకు తోసేవారు. నాకు కొమ్ములు రాకుండా ఎలా ఉంటాయి?

మొదటి ఏడాది ఫార్మలిన్ వాసన చేతుల్ని వదలక చెంచాతో అన్నం తిన్నదాన్ని. చివరి ఏడాదికి మోచేతి దాకా పేడ ఉన్నా కడుక్కుని హాయిగా టిఫిన్ తినేదాన్ని. పరీక్షలో జొన్న విషం గురించి అడిగితే రెండు పేజీలు నింపాను. కోసిన జొన్న మోళ్లకు వాన పడ్డాక వచ్చే లేత పిలకల్లో సైనైడ్ ఉంటుందని, వెంటనే నరానికి మందు ఎక్కించకపోతే పశువు దక్కదని, మందు అందేలోగా బెల్లం నీళ్లు తాగిస్తే కొంత మేలని రాశాను. మంచి మార్కులే వచ్చాయి.

ఉద్యోగం నారాయణఖేడ్‌లో వచ్చింది. దవాఖానకు వచ్చినవాళ్లు నన్ను చూసి, నా వెనకకు చూసి, "సారు లేడా?" అనేవారు. "నేనే సారును, చెప్పు" అనేదాన్ని. అటు నాగల్‌గిద్ద వైపు ఊళ్లకు డాక్టరు లేకపోవడంతో వాటిని కూడా నా నెత్తినే పెట్టారు. స్కూటీ మీద తిరిగీ తిరిగీ నల్లబడిపోయాను. అయినా ఆ రోజుల్లో నా అంత గర్వంగా తిరిగినవాళ్లు ఆ రోడ్డు మీద ఉండి ఉండరు.

చేరిన మొదటి ఎండాకాలం అది. మధ్యలో నాలుగు రోజులు వానలు పడి వెలిశాయి. ఒక పొద్దున కర్ణాటక సరిహద్దు పక్క ఊరి నుంచి ఒక ముసలామె ఫోన్ చేసింది. వాళ్ల ఇంటి భాష కన్నడం. తెలుగు మాట్లాడుతుంది గానీ వెతుక్కుంటూ మాట్లాడుతుంది.

"బిడ్డా, ఎద్దు జొన్న తిన్నది. కాళ్లు వణుకుతున్నయి. జల్దీ రా."

మా దగ్గర పశువు గింజలు తింటే 'తిన్నది' అంటారు. పైరు అయితే 'మేసింది' అంటారు. నా చెవి ఆ ఒక్క మాటను పట్టుకుంది. ఇంట్లో మూతి విప్పిన సంచీ, అందులో మూతి పెట్టిన ఎద్దు నాకు కళ్లకు కట్టినట్టు కనిపించాయి. గింజలు ఎక్కువ తింటే పొట్టలో పులుస్తాయి. అది ప్రమాదమే గానీ నిమిషాల మీద ప్రాణం తీయదు. అప్పుడు బెల్లం పోస్తే ఇంకా పులుస్తుంది.

"పరేషాన్ కాకు అవ్వా, వస్తున్న. బెల్లం నీళ్లు గిట్ల ఏం పొయ్యకు."

"పొయ్యొద్దా?"

"అస్సలు పొయ్యొద్దు."

జొన్న పండించే ఊళ్లో పుట్టి పెరిగిన మనిషి ఆమె. వాన వెలిశాక జొన్న అంటే ఏ జొన్నో విడమరిచి చెప్పాలని ఆమెకెలా తోస్తుంది? చేన్లోనా ఇంట్లోనా అని నేను ఒక్క మాట అడిగి ఉండాల్సింది. అడగలేదు. నా భాష నాకు తెలుసు అనుకున్నాను.

కిరాణా దుకాణంలో పొట్టలో పులుపు విరిచే వంటసోడా పొట్లాలు కొన్నాను. బస్ డిపో దగ్గర ఆగి చాయ్ కూడా తాగాను. ఆ చాయ్ సంగతి ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు.

నేను వెళ్లేసరికి ఎద్దు చేను గట్టున పడి ఉంది. చుట్టూ జొన్న మోళ్లు, ప్రతి మోడుకూ జానెడు పచ్చటి పిలకలు. కనురెప్ప విప్పి చూస్తే లోపల రక్తం చిమ్మేంత ఎర్రగా ఉంది. రెండు పేజీలూ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. మందు మాత్రం నారాయణఖేడ్‌లో, దవాఖాన బీరువాలో ఉంది. నా సంచీలో ఉన్నది వంటసోడా. ఎద్దు తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అంతకంటే నా చేతిలో ఏమీ లేదు. ఎద్దు రెండుసార్లు కాళ్లు తన్నుకుని ఆగిపోయింది.

ముసలామె కొడుకు, నలభై ఏళ్ల మనిషి, జోడులో మిగిలిన ఎద్దును పట్టుకుని దూరంగా నిలబడ్డాడు. దుక్కులు మొదలయ్యే రోజులు. ఒంటి ఎద్దుతో అరక కట్టలేడు.

ముసలామె నా పక్కన చతికిలబడి, కొడుక్కు వినపడకుండా అడిగింది.

"నువ్వు వద్దన్నవ్ బిడ్డా. నాకు పాణం ఆగలే. రెండు దోసిళ్లు బెల్లం నీళ్లు పోసిన. మళ్ల నీ మాట యాదికొచ్చి ఆపిన. గందుకే సచ్చిందా?"

ఊరుకుంటే సరిపోయేది. అక్కడ నన్ను తప్పు పట్టగలిగే మనిషే లేదు. పైగా డాక్టరమ్మ ఇంత దూరం వచ్చిందని ఆమె నాకు చెంబుతో నీళ్లు కూడా తెచ్చి పెట్టింది. నిజం చెబుతున్నాను, కాసేపు ఊరుకుందామనే అనుకున్నాను. నామీద నాకే అసహ్యం వేసింది.

"కాదవ్వా," అన్నాను. "నువ్వు పోసింది మంచిదే. ఇంకా పొయ్యాల్సి ఉండె. నేను ఇంట్ల గింజలు తిన్నదనుకున్న. నీ మాట నాకు తెల్వలే. మందు గూడ తేలే. తప్పు నాది."

"బెల్లం నీళ్లన్నీ పోస్తే బతుకుతుండెనా?"

"ఏమో అవ్వా. మందు తెస్తే బతుకుతుండెనేమో."

ఆమె ఎద్దు నుదుటి మీద చెయ్యి పెట్టి నిమిరింది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. చివరికి లేచి, చీర కొంగు దులుపుకుని, కొడుకు వైపు చూపించింది.

"గట్లయితే గా మాట వానికి చెప్పు. నువ్వు వద్దన్నా బెల్లం నీళ్లు పోసి నేనే ఎద్దును సంపుతున్ననని నువ్వొచ్చేదాక నన్ను తిట్టిండు."

నేను లేచి అతని దగ్గరికి నడిచాను.