కార్డు మీద నేను రాసిన ‘లేవు’

ఆ సోమవారం పొద్దున్న మంచం దిగబోతే కాళ్లు రాలేదు. తొడలు రెండూ వాచి, చెక్కలా బిగుసుకుపోయి ఉన్నాయి. గోడ పట్టుకుని బాత్రూముకు వెళ్లాను. మూత్రం కాఫీ డికాషన్ రంగులో వచ్చింది. నీళ్లు పోసేసి బయటికి వచ్చి, ఎవరికీ చెప్పకుండా పేపరు పట్టుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం మళ్లీ అదే రంగు, అదీ కొంచెమే. అప్పుడు మా ఆవిడ పద్మకు చెప్పాను.

అంబాజీపేట నుంచి అమలాపురం ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరు గారు తొడ మీద వేలితో నొక్కి చూశారు.

“నిన్న ఏం చేసేరండీ?”

“జిమ్‌కి వెళ్లానండీ.”

“మందులేమైనా వాడుతున్నారా?”

నేను తటపటాయిస్తుండగానే పద్మ సంచిలోంచి మాత్రల అట్ట తీసి బల్ల మీద పెట్టింది. “కొలెస్ట్రాల్‌కండీ. రెండేళ్లయింది.”

“స్టాటిన్. ఈ సంగతి మీ ట్రైనర్‌కి తెలుసా?”

“ఆయ్, చెప్పే ఉంటారండీ” అంది పద్మ. నేను నేలకేసి చూశాను.

ట్రైనర్‌కి తెలియదు. ఎందుకు తెలియదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముప్పై ఏళ్లకు పైగా పత్రికలో పనిచేశాను. మొదట విలేకరిగా, తర్వాత వార్తలు దిద్దే డెస్కులో. రిటైరై ఊరు వచ్చాక పొట్ట పెరిగింది. డాబా మెట్లు ఎక్కితే ఆయాసం. మా వీధిలోనే, మా బావమరిది సత్తిబాబుకున్న కొబ్బరి గోడౌను పైహాల్లో మెర్సీ గారు జిమ్ పెట్టారు. రాజోలు వైపు మనిషి. కువైట్‌లో ఆడవాళ్ల జిమ్‌లో ఆరేళ్లు పనిచేసి వచ్చి, దాచుకున్నదంతా ఆ హాల్లో అద్దాలకూ సామానుకూ పెట్టారు. ఆదివారం పొద్దున్న ఆవిడ చర్చికి వెళ్తారు కాబట్టి ఆ పూట జిమ్‌కు సెలవు.

మొదటి రోజు ఆవిడ నాచేత ఒక్క బరువూ ఎత్తించలేదు. నా పేరుతో ఒక కార్డు ముందు పెట్టుకుని అరగంట ప్రశ్నలడిగారు.

“ఏం కావాలండీ మీకు?”

“పొట్ట తగ్గాలి.”

“అది అందరూ చెప్తారండీ. రోజూ ఏ పని దగ్గర కష్టంగా ఉంటోంది?”

మెట్ల సంగతి చెప్పాను. దాని చుట్టూనే కార్యక్రమం రాశారు. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, ఒక మెట్టు ఎక్కి దిగడం, గోడకు చేతులాన్చి తోయడం. పదేసి చొప్పున రెండు విడతలు, రోజు విడిచి రోజు.

“ఇంకో మూడు చెయ్యగలను అనిపించినప్పుడే ఆపెయ్యాలండీ. మర్నాడు ఒంట్లో ఎలా ఉందో మీరు చెప్తే, దాన్నిబట్టి పెంచుతాను. ఈ కార్డు సగం నేను రాస్తాను, సగం మీరు రాయాలి” అన్నారు.

‘జబ్బులు, మందులు’ అన్న గడి దగ్గర పెన్ను నా చేతికిచ్చారు. పక్కనే మా ఊరివాళ్లు ఇద్దరు బరువులు ఎత్తుతున్నారు. మాత్రల ముసలాయనగా అక్కడ మొదలుపెట్టడం నాకిష్టం లేకపోయింది. ‘లేవు’ అని రాసి సంతకం పెట్టాను. ఉద్యోగమంతా జనాన్ని ప్రశ్నలడిగి, దాచినవాళ్లను మనసులో చులకన చేసినవాణ్ని నేను.

తర్వాత వారాల్లో ఆవిడ నొప్పులున్నాయా అని అడిగిన ప్రతిసారీ లేవనే చెప్పాను. మెట్లు దిగేటప్పుడు తొడలు లాగుతున్నా చెప్పలేదు. నా మాట నమ్మి ఆవిడ కొంచెం పెంచారు. సత్తిబాబు నాకంటే పదిహేనేళ్లు చిన్న. అద్దం ముందు బరువు భుజాన వేసుకుని నన్ను చూసి నవ్వేవాడు.

“ఏటి బావగారూ, కుర్చీలో కూర్చుని లేవడానికి జిమ్మెందుకండీ? మా అమ్మ రోజూ చేస్తుంది, ఫీజు లేకుండా!”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ ఆదివారం మెర్సీ గారు చర్చిలో ఉండగా, సత్తిబాబు తన దగ్గరున్న తాళంతో హాలు తీశాడు. గోడకు అంటించిన తన చార్టు చూపించి, “ఇది చేసి చూపించండి” అన్నాడు. బరువు భుజాన పెట్టుకుని ఇరవయ్యేసి గుంజీలు, ఐదు విడతలు. ఎండాకాలం, పైన రేకులు. మధ్యలో నీళ్లు తాగితే ఓడిపోయినట్టు ఉంటుందని తాగలేదు. నాలుగో విడతలో కాళ్లు వణికాయి. ఐదోదీ చేశాను.

“మీలో ఇంకా సరుకుందండీ బావగారూ!” అని వాడు వీపు తట్టాడు. ఆ మాటకు ఎంత పొంగిపోయానో ఇప్పుడు తలుచుకుంటే తల దించుకోవాలనిపిస్తుంది.

రక్తపరీక్షలో, వందల్లో ఉండాల్సిన కండరాల ఎంజైము సీపీకే అరవై వేలు దాటింది. “రాబ్డోమయోలిసిస్ అంటారండీ. కండరం దెబ్బతిని రక్తంలో కలిసింది. కిడ్నీ వడకట్టలేకపోతోంది” అన్నారు డాక్టరు గారు. అదే రోజు కాకినాడ ఆసుపత్రికి పంపించారు. సెలైన్ మీద సెలైన్ ఎక్కించారు. తగ్గుతుందనుకున్న క్రియాటినిన్, అంటే కిడ్నీ వడకట్టాల్సిన మలినం, మూడో రోజు ఇంకా పెరిగింది. రెండుసార్లు డయాలిసిస్ చేశారు. మెడ దగ్గర గొట్టం పెట్టేటప్పుడు పద్మ బయట కారిడార్‌లో నిలబడి ఉందని తెలుసు. ఆమె ముఖం చూడాల్సి రానందుకు నాకు నిమ్మళంగా అనిపించింది.

అక్కడి కిడ్నీ డాక్టరు గారు ఒక మాట స్పష్టంగా చెప్పారు. “ఈ మాత్ర వేసుకునేవాళ్లు వ్యాయామం మానక్కర్లేదండీ. మెల్లగా మొదలెట్టి మెల్లగా పెంచాలి. మీరు అంతా ఒక్కరోజులో చేసేరు.” మెర్సీ గారి కార్డులో ఉన్నది అదే.

డయాలిసిస్ అయిన మర్నాడు, ఇంకా పత్రికలోనే ఉన్న పాత సహోద్యోగి ఫోన్ చేశాడు. “జిమ్‌లో ఏమైందండీ? ట్రైనర్ ఎక్కువ చేయించేసిందా?” పద్మ పక్కనే ఉంది. “ఆవిడ చెప్పినట్టే చేశానండీ” అన్నాను. అంతే అన్నాను.

మర్నాడు జిల్లా పేజీలో సింగిల్ కాలమ్ వార్త వచ్చింది. ‘ట్రైనర్ నిర్లక్ష్యం: వృద్ధుడికి తీవ్ర అస్వస్థత’. సిగ్గులేని సంగతి ఒకటి చెప్పాలి. అది చదివి నాకు ముందు కోపం తెప్పించింది ‘వృద్ధుడు’ అన్న మాట.

వార్తలో జిమ్ పేరు లేదు. అంబాజీపేటలో ఆడమనిషి నడిపే జిమ్ అని ఉంది. అలాంటిది ఊళ్లో ఉన్నది ఒక్కటే. ముందు ఆడవాళ్లు మానేశారు. నేను ఇంటికొచ్చి కర్ర పట్టుకుని నడిచే నాటికి హాలు ఖాళీ. మెర్సీ గారు రాజోలులో ఒక ప్రైవేటు బడిలో పీఈటీగా చేరారని తెలిసింది.

ముందు పద్మకు నిజం చెప్పాను. “ఆస్పత్రిలో నాచేత కూడా అబద్ధం చెప్పించేరు కదండీ” అంది. ఆ తర్వాత రాజోలు వెళ్లాను.

మెర్సీ గారు గ్రౌండులో ఉన్నారు. నన్ను చూసి ఈల జేబులో పెట్టుకుని, నీడలో కుర్చీ వేయించారు. “ఒంట్లో ఎలా ఉందండీ? నీళ్లు బాగా తాగుతున్నారా?” సిద్ధం చేసుకున్న క్షమాపణ వదిలేసి, మొత్తం చెప్పాను. ఆవిడ లోపలికి వెళ్లి సంచిలోంచి నా కార్డు తెచ్చారు. ఇన్నాళ్లూ వెంట ఉంచుకున్నారు.

“మాత్ర పేరు రాయండి. ఆదివారం ఏం చేసేరో అదీ రాయండి. కింద సంతకం పెట్టండి” అన్నారు. రాశాను. ‘లేవు’ కొట్టేయబోతే చెయ్యి అడ్డుపెట్టారు. “అది అలాగే ఉండనివ్వండి. మా నాన్నగారికి చూపించాలి. ఆయనా పేపరే నమ్మేరు.”

సవరణ రాసి డెస్కుకు పంపించాను. అక్కడ ఇప్పుడు నా సీట్లో ఉన్నతను మర్యాదగానే చెప్పాడు. “సార్, మనం పేరు వెయ్యలేదు కదండీ. సవరణ ఎవరికని వేస్తాం?” ఆ కుర్చీలో కూర్చుని అదే మాట నేను ఎంతమందికి చెప్పానో. అందుకే ఇక్కడ, ఆవిడ ఒప్పుకున్నాక, మెర్సీ అని పేరు రాస్తున్నాను.

ఇప్పుడు ఆ కార్డు నకలు మా వంటింటి గోడ మీద ఉంది. రోజు విడిచి రోజు కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చుంటాను, రెండు విడతలు. మెట్లు ఆగకుండా ఎక్కుతున్నాను. క్రియాటినిన్ ఉండాల్సిన గీతకు కాస్త పైనే నిలిచిపోయింది. మూడు నెలలకోసారి చూపించుకోవాలి.

వ్యాయామం మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే. మొదటి రోజు మీ మాత్రల అట్టలన్నీ తీసుకెళ్లి ట్రైనర్ బల్ల మీద పెట్టండి. నోటితో చెప్పడం మీదే వదిలెయ్యకండి.

సత్తిబాబు పైహాలును కూడా గోడౌనుగా వాడుకుంటున్నాడు. అద్దాలు విప్పలేదు. వాటికి ఆన్చి ఎండు కొబ్బరి బస్తాలు పేర్చి ఉన్నాయి. సవరణ ఇంతవరకూ పడలేదు.