అక్క నోరూ చెయ్యీ పట్టే లాప్‌టాప్

జూన్ ఏడు, శుక్రవారం, పొద్దున పది గంటల నలభై నిమిషాలకు మొదలైంది. శుక్రవారం మా వలస నేతవాళ్ళ పేట పద్మనగర్‌లో మరమగ్గాలకు సెలవు. మేం వాటిని సాంచాలంటాం. అవి ఆగి ఉన్నాయి కాబట్టే ఫోన్ మోగడం నాకు వినిపించింది. మిగతా ఆరు రోజులూ ఫోన్ చేతిలో వణికితే తప్ప నాకు తెలియదు. జగిత్యాల నుంచి అల్లుడు. నా కూతురు స్కూటర్ మీద నుంచి పడింది, కుడి కాలు రెండు చోట్ల విరిగింది, ఇరవయ్యో తారీఖున ఆపరేషన్, మూడు నెలల దాకా కాలు నేలకు ఆనించకూడదు.

వెళ్ళాలా వద్దా అన్నది ఆలోచించే విషయం కాదు. ఆలోచించాల్సింది అక్క గురించి.

అక్క అంటే నా తోడికోడలు, మా మాటలో యారాలు. నాకన్నా ఆరేళ్ళు పెద్ద. మా బావగారికీ మా ఆయనకూ కలిపి ఎనిమిది సాంచాలుండేవి. ఆ షెడ్డులో అక్కా నేనూ ముప్ఫై ఏడేళ్ళు ఎదురెదురుగా కూర్చుని మిషన్ల మీద నూలు కండెలు చుట్టాం. ఆమె మిషన్‌కూ నా మిషన్‌కూ మధ్య నాలుగు అడుగులు. సాంచాలు నడుస్తుంటే అరిచినా వినపడదు కాబట్టి పెదవుల మీదే మాట్లాడుకునేవాళ్ళం. మగవాళ్ళు ఇద్దరూ పోయారు, సాంచాలు తుక్కు కింద పోయాయి. ఆ మోతకు అక్క రెండు చెవులూ పోయాయి, నాకు కుడి చెవి కొంచెం మిగిలింది. మాట మాత్రం మిగిలింది. రోజూ మధ్యాహ్నం రెండింటికి ఆమె గదికి వెళ్ళి, అవే నాలుగు అడుగుల దూరంలో కూర్చుని మాట్లాడేదాన్ని. అక్కతో అలా మాట్లాడగలిగేవాళ్ళు ఇంకెవరూ లేరు. కొడుకూ కోడలూ చెవి దగ్గర అరుస్తారు. అక్కకు చదువు రాదు, రాసి చూపించినా లాభం లేదు.

ఆ మాటకు ఒక నియమం ఉంది. క, గ లాంటివి గొంతులో పుడతాయి, పెదవుల మీద కనిపించవు. రాకు, చెయ్యకు లాంటి వద్దని చెప్పే మాటలన్నిటికీ చివర ‘కు’ ఉంటుంది. అందుకని వద్దన్నప్పుడల్లా అరచెయ్యి చెంప పక్కన ఆడించాలి. చెయ్యి ఆడకపోతే ఆ మాట వద్దని కాదు.

ఇంకో సంగతి. అక్క కొడుకు ఆటో దూరంలో ఉన్న కాశేలి గోదాముల్లో పనికి కుదిరాడు. ఇల్లు కూడా అటే మార్చుకుందామని ఏడాదిగా అంటున్నాడు. కూతురి వార్త చెప్పిన రోజే అక్క అడిగింది.

“నువ్వు లేనప్పుడు వీళ్ళు పోదామంటే నేనేం జెయ్యాలె?”

“నన్నడుగు. నన్నడుగకుండ ఏం జెయ్యకు,” అన్నాను, చెయ్యి ఆడించి.

“నీ దగ్గర ఉంట అంటే ఉండనిస్తవా?”

“మూడు నెలలల్ల వస్తనే. అప్పటిది అప్పుడు చూద్దాం.”

వెంటనే సరే అనకపోవడానికి కారణం నా గది. పది అడుగులకు తొమ్మిది. రెండు మంచాలు వేస్తే తలుపు పూర్తిగా తెరుచుకోదని నా అనుమానం. కొలిచి గాని మాట ఇవ్వకూడదనుకున్నాను.

కాబట్టి నాకు కావలసింది ప్రయాణంలో మోయగలిగిన లాప్‌టాప్. జగిత్యాలలో కూర్చుని రోజూ వీడియో కాల్‌లో అక్క పెదవులు చదవాలి. ఫోన్లో ప్రయత్నించాను. నా కళ్ళకు ఆమె నోరు చింతగింజంత కనిపించింది.

పద్మనగర్ బజార్లో లాప్‌టాప్‌లు అమ్మి బాగుచేసే కొట్టు ఒకటుంది. యజమాని మావాడే, కరీంనగర్ వైపు నుంచి తాతల కాలంలో వచ్చినవాళ్ళు. ఎనిమిదో తారీఖున వెళ్ళాను. మూడు చూపించాడు: పదమూడు అంగుళాలది, పద్నాలుగుది, పదిహేనున్నరది.

“సఫర్‌ల అయితే గీ చిన్నది లేలో అమ్మా. ఏక్‌దం హల్కా. డబ్బా మీద తూకం రాసి ఉంటది సూడు.”

“డబ్బా మీద తూకం నూలు బేళ్ళ మీద గూడ రాసి ఉంటది,” అన్నాను.

పదో తారీఖున స్ప్రింగు కాంటా తీసుకెళ్ళాను. ఒక గుడ్డ సంచిలో పెట్టి, సంచి తూకం తీసేసి, ఛార్జరుతో సహా తూచాను. ఒక కిలో ఐదు వందల ఇరవై. ఒక కిలో ఎనిమిది వందల పది. రెండు కిలోల మూడు వందల నలభై గ్రాములు. ఎడమ భుజానికి నాలుగు కిలోలు మించి తగిలించుకోవద్దని డాక్టరు చెప్పాడు. బస్సులో పదహారు గంటలు, మందులూ నీళ్ళూ కలిపి ఒక కిలో ఆరు వందలు. పెద్దది తీసుకుంటే మొత్తం మూడు కిలోల తొమ్మిది వందల నలభై. అరవై గ్రాములు మిగులుతాయి. జగిత్యాలలో కరెంటు ఎంతసేపు పోతుందో అల్లుణ్ణి అడిగి, బ్యాటరీ రెండు గంటలు నిలిస్తే చాలని రాసుకున్నాను. మూడూ నిలుస్తాయి. ఇక తేల్చాల్సింది చూపు ఒక్కటే.

పన్నెండో తారీఖు, బుధవారం, అక్కనే తీసుకెళ్ళాను. కొట్టు ముందు స్టూలు మీద కూర్చోబెట్టాను. యజమాని తన ఫోన్ ఆమె ముందు పట్టుకుని నిలబడ్డాడు. నేను లోపల గోడ వైపు తిరిగి, ఒక్కొక్క లాప్‌టాప్‌లో ఆమెను చూస్తూ కూర్చున్నాను. అక్క ఒక్కోదానికి ఇరవై మాటలు చెప్పాలి. ఏం చెబుతుందో నాకు ముందుగా తెలియకూడదు. నోరొక్కటే కాదు, చెంప పక్కన ఆడే చెయ్యి కూడా తెరలో పట్టాలి. చెయ్యి పట్టాలంటే ఫోన్ దూరం పెట్టాలి, దూరం పెడితే నోరు చిన్నదవుతుంది. చిన్న లాప్‌టాప్‌లో ఇరవైకి పదకొండు చదివాను. మధ్యదానిలో పదిహేను. పెద్దదానిలో అక్క మొదట కూరగాయల పేర్లు చెప్పింది, తర్వాత కళ్ళు యజమాని వైపు తిప్పింది.

“వీడు లాప్‌టాప్‌లు అమ్మేటోని లెక్క లేడు. ఉల్లిగడ్డలు అమ్మేటోని లెక్కున్నడు. గా పొట్ట సూడు.”

నాకు నవ్వు ఆగలేదు.

“ఏమన్నది పెద్దమ్మ?” అన్నాడతను.

“స్క్రీన్ మంచిగున్నదంటున్నది.”

“గంత మాటకు గట్ల నవ్వుడు ఎందుకమ్మా? నన్నే అన్నది, నాకు ఎరుకే. సఫర్‌కు పోయేటోళ్ళు బరువు సూస్తరు, నువ్వు నోరు సూస్తున్నవు. పాతికేండ్ల సంది దుకాణం నడుపుతున్న, గిట్లాంటి గిరాకీ రాలే.”

పెద్దదానిలో పందొమ్మిది చదివాను. తెర పక్కన పుస్తకంలో రాసుకుంటుంటే అతను మామూలుగా అడిగాడు: “మరి గా పెద్దమ్మ నిన్ను దేంట్ల సూస్తది?”

“కోడలి ఫోన్ల,” అన్నాను.

ఆ రోజు ఆ కొట్టులో జరిగినవన్నీ నా పుస్తకంలో ఉన్నాయి. ఈ ప్రశ్న ఒక్కటీ లేదు. పద్నాలుగున పెద్దది కొన్నాను.

పద్దెనిమిదిన బయలుదేరి పందొమ్మిదిన దిగాను. ఆ రోజే మధ్యాహ్నం రెండింటికి మొదటి కాల్. అక్క కోడలు అన్నానికి ఇంటికొచ్చే వేళ అది. ఫోన్ అక్క ముందు స్టీలు డబ్బాకు ఆనించి, తను బట్టలు ఉతుక్కోవడానికి వెళ్ళేది. లాప్‌టాప్‌లో అక్క ఎంత బాగా కనిపించిందంటే పై పెదవి మీది పుట్టుమచ్చ కూడా తెలిసింది. నోరూ చెయ్యీ రెండూ పట్టాయి. నా లెక్క తప్పలేదని సంతోషపడ్డాను.

“ఏందే, నీ నోరు గోరంత గూడ కండ్లవడ్తలేదు,” అంది అక్క.

నేను ముఖం కెమెరాకు దగ్గరగా జరిపాను. ఇంకా దగ్గరికి రమ్మంది. ముక్కు నుంచి గడ్డం దాకా మాత్రమే పట్టేంత దగ్గరికి వెళ్ళాను. “ఆఁ, ఇగ కనవడ్డది” అంది. అలా కుదిరింది. నేను వంగి కూర్చునేదాన్ని, ఇరవై నిమిషాలకు నడుం పట్టేది. కూతురు మంచం మీద నుంచి చూసి, “పెద్దమ్మకు పండ్లు సూపిస్తున్నవా అమ్మా?” అని నవ్వేది. వద్దన్నప్పుడల్లా నా చెయ్యి దాని అలవాటు కొద్దీ చెంప పక్కన ఆడేది. ఆ చెయ్యి తెరలో లేదని నాకు తోచలేదు. పొడుగు మాటల్లో వెనకా ముందూ చూసుకుని అక్క అర్థం చేసుకునేది, కాబట్టి తోచే అవసరం కూడా రాలేదు.

కూతురికి కుట్లు మానాయి. ఆగస్టు మొదటి వారంలో చేతికర్రలతో బాత్‌రూం దాకా వెళ్ళగలిగింది. పద్మనగర్‌లో పక్కింటివాళ్ళకు ఫోన్ చేసి నా గది తలుపు కొలిపించాను. ఒక మంచం గోడకు నిలబెడితే పగలు దారి ఉంటుంది. అక్కను ఉంచుకోవచ్చని నిర్ణయించుకున్నాను. ఎదురుగా కూర్చుని చెబుదామని దాచుకున్నాను.

ఆగస్టు ఎనిమిది, గురువారం, రెండు గంటల పది నిమిషాలకు అక్క అడిగింది. శ్రావణం వచ్చింది, కొడుకు కాశేలిలో గది చూశాడు, ఇంకో రెండు రోజుల్లో సామాను ఎత్తుతారట. కోడలు గుమ్మంలోనే ఉన్నట్టుంది, అక్క కళ్ళు అటు తిరిగాయి. పెదవులు బాగా తక్కువ కదిలాయి. అయినా నాకు ప్రతి అక్షరం కనిపించింది.

“పోవాల్నా, నీ దగ్గరికి రావాల్నా? ఒక్కటే మాట జెప్పు. ఆమె వస్తున్నది.”

షెడ్డులో ముప్ఫై ఏడేళ్ళు ఒక్క మాటలోనే జవాబులిచ్చాం. చెయ్యి ఆడించి, “పోకు” అన్నాను.

అక్క నన్ను కాసేపు చూసింది. తలూపింది. కోడలి చెయ్యి వచ్చి ఫోన్ తీసుకుంది.

శుక్రవారం, శనివారం కాల్ కలవలేదు. ఆదివారం కలిసింది. అక్క వెనక గోడ నీలంగా ఉంది. పద్మనగర్‌లో అక్క గది గోడ పసుపు. ఆ తెర ఎంత మంచిదంటే నీలం గోడ మీద కొత్తగా కొట్టిన మేకు, దానికింకా ఏమీ తగిలించలేదన్న సంగతి కూడా కనిపించింది. “ఎందుకు పోయినవే?” అని అడిగాను. అక్క తలూపింది. ఏం అడిగినా తలూపింది. ఆ తర్వాత కోడలు కూడా గోదాములో పనికి చేరింది, కాల్స్ ఆదివారాలకే మిగిలాయి. అక్క నా మాట లెక్క చేయలేదని నాకు కోపం వచ్చింది. కోపంతో తక్కువ మాట్లాడాను.

సెప్టెంబరు తొమ్మిదిన బయలుదేరి పదిన పద్మనగర్‌లో దిగాను. పదకొండున ఆటో మాట్లాడుకుని కాశేలి వెళ్ళాను. నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. అక్క మోకాళ్ళు పట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది. నాలుగు అడుగుల దూరంలో స్టూలు వేసుకున్నాను.

“పోకు అని జెప్పిన గదనే,” అన్నాను. చెయ్యి ఆడింది.

అక్క నా చేతి వైపు చాలాసేపు చూసింది.

“పో అన్నవు,” అంది. “గిట్ల మూతి సున్న జుట్టి, పో అన్నవు.”

“పోకు అన్ననే. నీ ఒట్టు.”

“మరి చెయ్యేది?” అంది. “మూతి సూసిన. చెయ్యి సూడలే. నువ్వే పొమ్మన్నంక ఇంక ఎవ్వలకోసం ఆగుదు?”

మంచాల సంగతి, తలుపు కొలిచిన సంగతి చెప్పాను. ఇప్పుడైనా రమ్మన్నాను.

“ఎక్కిచ్చేటప్పుడే నా కొడుకు రెండు మెట్లకొకసారి కూసోవెట్టిండు,” అంది. “ఇంకోసారి దిగుడు నాతోని గాదు. దింపితే నలుగురు దింపాలె.” తన మాటకు తనే నవ్వింది. నేను నవ్వలేదని, నా మోకాలి మీద తట్టింది.

తర్వాతి శుక్రవారం లాప్‌టాప్ తీసుకెళ్ళి అక్క దగ్గర పెట్టి వచ్చాను. ప్రయాణానికి ఏది తీసుకెళ్ళాలా అని ఏడు రోజులు చూశాను. తీసుకెళ్ళాల్సింది ఫోన్, వదిలి వెళ్ళాల్సింది లాప్‌టాప్ అని ఇప్పుడు తెలుసు. రెండోది కొనే శక్తి లేదు. ఇప్పుడు ఆదివారాలు అక్కకు నా నోరూ చెయ్యీ రెండూ కనిపిస్తాయి. నాకు ఫోన్లో అక్క నోరు చింతగింజంత. ఏమంటుందో తెలియదు. తలూపుతాను.

లెక్క ఇది. జగిత్యాల నుంచి కలిసిన కాల్స్ నలభై తొమ్మిది. అందులో అక్కకు నా చెయ్యి కనిపించినవి, సున్నా. ఎదురుగా కూర్చునే మధ్యాహ్నాలు, వారానికి ఏడు ఉండేవి. ఆటో దొరికి, నా మోకాళ్ళు నాలుగు అంతస్తులు ఎక్కగలిగితే, ఒకటి. పోయినవి ఆరు.